సాయంత్రం లెక్కల క్లాసు

కోదాడ,
23 జూన్ 2002, ఆదివారం

అత్తమ్మకు,

నేను, నీ మేనకోడలు వసంతను. హాస్టల్లో బాగానే ఉన్నాను. అన్నం పలుకుగా ఉంటుంది, చారు పలుచగా ఉంటుంది, అంతకుమించి చెప్పుకోవలసిన కష్టం ఏమీ లేదు. నువ్వూ లక్ష్మణ్ మామా కులాసాగా ఉన్నారని తలుస్తాను. మిల్లు ఆఫీసుకు ఫోన్ చేద్దామనుకున్నాను గానీ, నువ్వు అంగన్‌వాడీలో ఉంటావు, మామ వడ్లు ఆరబోసే గచ్చు మీద ఉంటాడు, మిమ్మల్ని పిలవడానికి ఎవరినో పంపాలి. పైగా ఇది ఫోన్లో రెండు ముక్కల్లో తేలే సంగతి కాదు.

పదో తరగతి లెక్కల్లో నాకు తొంభై ఆరు వచ్చాయని నువ్వు పంపిన కంపాస్ పెట్టె రోజూ సంచిలో ఉంటుంది. దాన్ని తెరిచినప్పుడల్లా నువ్వు గుర్తొస్తావు. మా ఊళ్లో మార్కులు ఎన్నని అడిగినవాళ్లు చాలామంది ఉన్నారు, ఏ లెక్క తప్పిందని అడిగినదానివి నువ్వొక్కదానివే.

ఇప్పుడు అసలు సంగతి. మా కాలేజీలో ఎంపీసీ ఫస్టియర్‌కు రెండు సెక్షన్లు ఉన్నాయి. ఏ సెక్షన్ ఇంగ్లీషు మీడియం. వాళ్లు మొదటి రోజు నుంచే కలన గణితంలోకి దిగిపోతారు. మారే వాటి లెక్క అంతా అందులోనే ఉంటుందట, పెద్ద చదువులకు అదే మూలమట. దసరాకల్లా ఫస్టియర్ లెక్కలు ముగించి, సంక్రాంతికల్లా సెకండియర్‌లో సగం చేసి, ఇక ఎంసెట్ మీద పడతారు. బీ సెక్షన్ తెలుగు మీడియం. అక్కడ సుధాకర్ సార్ చెబుతారు, పెద్దాయన. ప్రమేయాలు, త్రికోణమితి, సరళరేఖలు అన్నీ వరసగా చెప్పుకుంటూ పోయి, దసరా దాటాక గానీ కలన గణితం ముట్టుకోరట. ఏ సెక్షన్‌లో నలభై మందిమి, బీ సెక్షన్‌లో తొంభై మంది. ఏ వాళ్లు బీ వాళ్లను మంద అంటారు. గొర్రెలు కాసేవాళ్ల బిడ్డను కాబట్టి ఆ మాట నాకు కొంచెం గట్టిగానే తగిలింది.

మార్కులు చూసి నన్ను ఇప్పటికైతే ఏలో కూర్చోబెట్టారు. జులై పన్నెండు లోపల ఏ సెక్షనో రాసి, ఇంటి పెద్దతో సంతకం పెట్టించి ఫారం ఇవ్వాలి. తరువాత రెండేళ్లు మార్చరు. నాయినను అడిగితే, "మీ అత్తను అడుగు. లెక్కల సంగతి అలివేలు ఏది జెప్తే అదే" అన్నాడు. ప్రతిదానికీ గొంతు పెంచే మనిషి ఈ ఒక్క విషయంలో ఎందుకిట్లా చేతులెత్తేస్తాడో నాకు అర్థం కాదు. నువ్వే చెప్పు అత్తమ్మా, ఏనా, బీనా?

నీ జవాబు కోసం గేటు దగ్గర పోస్టుమ్యాన్‌ను కాపు కాసే
వసంత

•

మిర్యాలగూడ,
27 జూన్ 2002

కోడలు పిల్లకు అత్త దీవెనలు.

ఉత్తరం అందింది. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి, రెండుసార్లు చదువుకున్నాను. చారు పలుచన అని రాశావు. ఎవరైనా అటు వస్తే చింతకాయ పచ్చడి పంపుతాను, సీసా మూత గట్టిగా పెట్టుకో.

ఇక్కడ వానల జాడ లేదు. మీ మామకు అదే పండుగ. ఉడికించిన వడ్లు ఆరబోయడానికి ఇంతకన్నా మంచి ఎండలు దొరకవంటున్నాడు. మీ నాయినకు మేత ఎట్లా దొరుకుతున్నదో ఏమో. ఒకరికి ఎండ కావాలి, ఒకరికి వాన కావాలి, ఇద్దరూ నా వాళ్లే. దేవుణ్ణి ఏం అడగాలో నాకు తోచదు.

పోయి పోయి లెక్కలు నన్నడుగుతావా పిల్లా! నేను జనరల్ లెక్కలతో పదో తరగతి గట్టెక్కినదాన్ని. ఇప్పుడు నాకు వచ్చిన లెక్కల్లా ముప్పై మంది పిల్లలకు ముప్పై గుడ్లు. ప్రమేయం అంటే ఏమిటో నాకు తెలియదు. నీ ఉత్తరం మీ మామకు చదివి వినిపించాను. ఆయన విని, "వడ్లు ఒక్క ఎండకే గలగల ఆరబెడితే మర పట్టిస్తే నూకైతయ్. మధ్యాహ్నం కుప్పజేసి కప్పిపెట్టాలె, మల్ల పరవాలె. పిల్లను బీల కూసోమను" అన్నాడు. మిల్లు మేస్త్రి ఇంతకన్నా ఇంకేం చెబుతాడు. ఆ మాటలో కొంత నిజం ఉందనే నాకూ అనిపించింది.

ఏది రాసినా చదివేదానివి నువ్వు, మాకు బెంగ లేదు. మీ నాయినకు మాత్రం ఒక్కమాట చెప్పు. ఈసారైనా సంతకం చూసి పెట్టమను.

పచ్చడి మూకుడు పొయ్యి మీద ఉంచి రాస్తున్న
మీ అత్త అలివేలు

•

కోదాడ,
1 జులై 2002

అత్తమ్మా,

నీ ఉత్తరం అందింది. నిజం చెబుతున్నాను, చదివి ఏడ్చాను. నేను నూకనా? ఒక్క ఎండకే విరిగిపోతానని మామ అనుకుంటున్నాడు, నువ్వేమో అందులో నిజం ఉందని రాశావు. శనివారం ఏ సెక్షన్‌కు పరీక్ష పెట్టారు. ఇరవై లెక్కలిస్తే ఇరవైకి ఇరవై నావి సరైనవే. మా బెంచీలో ఎవరికీ అన్ని రాలేదు. ఆ కాగితం దీంట్లో పెడుతున్నాను, మామకు చూపించు.

ఇంకో సంగతి. నిన్న ఆదివారం నాయిన వచ్చాడు, పెరుగు తెచ్చాడు. గేటు పక్క అరుగు మీద కూర్చుని నీ ఉత్తరం చదివి వినిపించాను. వడ్ల సంగతికి నవ్వాడు. చివర సంతకం మాట చదివేసరికి నవ్వు ఆగిపోయింది. ఆ వాక్యం మళ్లీ చదవమన్నాడు, చదివాను. ఫారం ఎక్కడుందని అడిగాడు. ఇచ్చాను. నాలుగు మడతలు పెట్టి అంగీ జేబులో పెట్టుకుని, తెప్పించిన చాయ కూడా తాగకుండా బస్టాండు వైపు నడిచిపోయాడు. పిలిస్తే వెనక్కి తిరిగి చూడలేదు.

ఫారంలో సెక్షన్ పేరు నేనింకా రాయలేదు. నువ్వు ఏం రాశావో, ఆయనకు ఏం అర్థమైందో నాకు తెలియదు. మీ ఇద్దరికీ నేను లెక్కలు చదవడమే ఇష్టం లేదా? ఉంటే ఆ మాట తిన్నగా చెప్పండి. పన్నెండో తారీఖు దగ్గర పడుతున్నది, ఫారం నా చేతిలో లేదు.

పచ్చడి అందింది, బాగుంది. కోపంగా ఉన్నా ఆ మాట రాయకుండా ఉండలేకపోతున్నాను.

వసంత

•

మిర్యాలగూడ,
5 జులై 2002

నా బంగారు కోడలికి,

తప్పు నాది. నిన్ను నూక అనేవాళ్లెవరమ్మా. నీ పరీక్ష కాగితం మీ మామ మిల్లులో హమాలీలందరికీ చూపించుకుంటూ తిరిగాడు. అందులో ఏముందో ఆయనకూ తెలియదు, వాళ్లకూ తెలియదు, ఎర్ర సిరాతో ఇరవై అని ఉంది, అది చాలు.

సంతకం మాట నేను రాయకుండా ఉండవలసింది. ఎన్నడో దిగిన ముల్లు, చేతిలో కలం ఉండేసరికి బయటపడింది. ఇక దాచి లాభం లేదు, చెబుతాను విను.

1977లో నేను తొమ్మిదో తరగతికి వచ్చాను. మా నాయిన కాలం చేసి అప్పటికి రెండేళ్లు. ఇంటికి పెద్ద మీ నాయినే, ఆయనకు పందొమ్మిదేళ్లు. అప్పట్లో బడిలో లెక్కలు రెండు రకాలు ఉండేవి. కాంపోజిట్ లెక్కలు తీసుకున్నవాళ్లకే ఇంటర్‌లో లెక్కల గ్రూపు. జనరల్ లెక్కలు తీసుకుంటే ఆ దారి అక్కడితో మూసుకుపోయినట్టే. లెక్కల సార్ నన్ను పిలిచి కాంపోజిట్‌కు రాసుకోమన్నాడు. తీసుకున్నవాళ్లు ఆరుగురే కాబట్టి ఆ క్లాసు సాయంత్రం బడి వదిలాక పెట్టేవాళ్లు. చిక్కు అక్కడ వచ్చింది.

సాయంత్రం మంద దొడ్డికి వచ్చే వేళ. పగలంతా పసి గొర్రెపిల్లలు దొడ్డిలోనే గంపల కింద ఉండేవి. తల్లులు రాగానే ఏ పిల్లను ఏ తల్లికి విడవాలో చూసి విడవాలి. తప్పు తల్లికి విడిస్తే అది పొడిచి తోసేస్తుంది, పిల్ల పాలు లేక నీరసించిపోతుంది. మా దొడ్డిలో గొర్రెలు ఈనే ఈతల కాలంలో అరవై డెబ్బై పిల్లలుండేవి. అన్నిటినీ గుర్తుపట్టేది నేనొక్కదాన్నే. నుదుటి మీద మచ్చ, చెవి వంపు, అరిచే గొంతు, ఎట్లా తెలిసేదంటే చెప్పలేను, తెలిసేది. మీ నాయిన మందను పది ఊళ్లు తిప్పగలడు గానీ పిల్లలను పోల్చుకోలేడు.

సార్ కాగితం పంపితే మీ నాయిన జనరల్ అని చెప్పి సంతకం పెట్టాడు. నన్ను అడగలేదు. మర్నాడు బడికి పోతే నా పేరు అటు లేదు, ఇటు ఉంది. ఇంటికొచ్చి ఏమీ అనలేదు. ఏమనాలి? మా ఊళ్లో ఆడపిల్లలను అయిదో తరగతితో మాన్పించే రోజుల్లో నన్ను పది దాకా చదివించిన మనిషి. వాగు వస్తే వీపున ఎక్కించుకుని దాటించి బడి దగ్గర దింపిన మనిషి. ఈ రోజు నేను అంగన్‌వాడీ టీచర్‌నని నలుగురిలో చెప్పుకుంటున్నానంటే అది ఆయన పెట్టిన చదువే. అందుకే అనలేదు. అనకపోయినా మరిచిపోలేదు, అదే నా తప్పు.

ఇప్పుడు ఫారం జేబులో పెట్టుకుని పోయాడంటే నాకు భయంగా ఉంది. మళ్లీ ఏం చేస్తాడో. పన్నెండు లోపల ఇవ్వకపోతే నేనే బయలుదేరి వస్తాను. నువ్వు మాత్రం దిగులు పడకుండా చదువుకో.

నిన్ను ఏడిపించినందుకు తనను తాను తిట్టుకుంటున్న
అత్త

•

కోదాడ,
9 జులై 2002, మంగళవారం

అత్తమ్మా,

నీ ఉత్తరం సోమవారం అందింది. ఎన్నిసార్లు చదివానో లెక్క లేదు. నీ గురించి నాకు ఇంత తెలియదని ఇన్నాళ్లూ నాకు తెలియనే తెలియదు. నా మీద కోపం పెట్టుకోకు.

ఈ రోజు జరిగింది వెంటనే రాయకుండా ఉండలేకపోతున్నాను. పోయిన వారం నుంచి నాకు ఒక అనుమానం. ఆ ఇరవై లెక్కలూ సరిగ్గా చేశాను గదా, అవి ఏమిటో నాకు తెలియదు. ఘాతాన్ని ముందుకు తెచ్చి ఒకటి తగ్గించమన్నారు, తెచ్చి తగ్గించాను. ఎందుకని అడిగితే సార్, పరీక్షలో అది అడగరమ్మా అన్నారు. మంచి మనిషే, తిట్టలేదు. ఆయనకు సమయం లేదు. ఇవాళ ఆయన రాలేదని మమ్మల్ని లైబ్రరీకి పొమ్మంటే, నేను పోయి బీ సెక్షన్ చివరి బెంచీలో కూర్చున్నాను.

సుధాకర్ సార్ ప్రమేయాలు చెబుతున్నారు. ఇటు ఒక గుంపు, అటు ఒక గుంపు. ఇటువైపున్న ప్రతిదానికీ అటువైపు జత ఉండాలి, అదీ ఒక్కటే ఉండాలి. అట్లా ఉంటేనే అది ప్రమేయం. మీకు తెలిసినదాంట్లోంచి ఒకటి చెప్పండి అన్నారు. అందరూ బెంచీలు, రోల్ నంబర్లు చెప్పారు. నేను లేచి గొర్రెపిల్లలూ తల్లులూ సార్ అన్నాను. అందరూ నవ్వారు. సార్ నవ్వలేదు. సుద్దముక్క పక్కన పెట్టి, వివరంగా చెప్పమన్నారు. నీ ఉత్తరంలో ఉన్నదంతా చెప్పాను.

ఆయన మూడు ప్రశ్నలు అడిగారు. ఒక గొర్రెకు కవలలు పుడితే? ఇద్దరికీ తల్లి ఒకతే, ఏ పిల్లకూ ఇద్దరు తల్లులు లేరు, కాబట్టి ప్రమేయమే అన్నాను. ఈనని గొర్రె ఉంటే? అటువైపు ఎవరైనా మిగలవచ్చు సార్, ఫరవాలేదు అన్నాను. మరి తల్లి చచ్చిపోయిన పిల్ల ఉంటే? దానికి నాకు జవాబు తోచలేదు. ఇటువైపు ఒక్కటి మిగిలినా ప్రమేయం కాదు. సార్ పుస్తకం మూసి, మీ అత్తను అడిగి చెప్పు, పాఠం అక్కడే ఆపుతాను అన్నారు.

అత్తమ్మా, నువ్వు పద్నాలుగేళ్లప్పుడు దొడ్డిలో నిలబడి చేసింది ఇంటర్ మొదటి పాఠం. ప్రమేయం అంటే తెలియదని ఏ ముఖంతో రాశావు?

నాకు బీ సెక్షన్ కావాలి. మంద అన్నా సరే. నాయిన ఫారంతో వస్తే బీ అని రాసి ఇస్తాను. మామకు చెప్పు, వడ్ల మాట నిజమేనని, అయితే నేను నూకను మాత్రం కానని.

మూడో ప్రశ్న జవాబు కోసం ఎదురుచూసే
వసంత

•

మిర్యాలగూడ,
9 జులై 2002
(అన్న చేతికిచ్చి పంపుతున్నాను)

వసంతకు,

మీ నాయిన ఎక్కడికీ పోలేదు తల్లీ, ఇక్కడికే వచ్చాడు. మంద దగ్గర మనిషిని కుదుర్చుకునేసరికి వారం పట్టిందట. నిన్న మధ్యాహ్నం భుజాన గొంగడితో మిల్లు గేటు దగ్గర నిలబడ్డాడు. లోపలికి రమ్మంటే రాడు. వడ్లు పోసిన గచ్చు అంచున కూర్చున్నాడు. మీ మామ చాయ తెచ్చి చేతిలో పెడితే చల్లారేదాకా పట్టుకుని కూర్చున్నాడు.

ఆ తరువాత జేబులోంచి ఫారం తీశాడు. చెమటకు మడతల దగ్గర చిరగడానికి వచ్చింది. ఇంటి పెద్ద సంతకం అన్నచోట వేలు పెట్టి, "గీడ నువ్వు పెట్టు. నేను పెడితే మల్ల తప్పయితది" అన్నాడు. కాగితం చేతికి తీసుకున్నాను. ఆయనే మళ్లీ, "ఇరవై అయిదేండ్లయింది చెల్లె. ఒక్కసారి తిట్టినా బాగుండు" అన్నాడు.

అప్పుడొక సంగతి చెప్పాడు. ఆ రోజు నా ముఖం చూసి, మర్నాడే మంద విడిచిపెట్టి బడికి పోయాడట. నా పేరు మార్చమని సార్‌ను బతిమాలాడట. పేర్లు పైకి పోయాయి, ఇక కాదని పంపించారట. ఈ మాట నాకెందుకు చెప్పలేదని అడిగితే, పని కాలేదు గదా, ఏమని చెప్పాలి అన్నాడు. ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. ఇద్దరం ఒకరికొకరం పెరుగూ పచ్చళ్లూ పంపుకుంటూ ఇన్నేళ్లు గడిపాం. నేను అక్కడే గచ్చు మీద కూర్చుని ఏడ్చాను. హమాలీలు చూశారు, చూడనీ.

సంతకం పెట్టాను. సెక్షన్ దగ్గర ఖాళీ ఉంది. నువ్వు నేను నూకనా అని రాసింది గుర్తొచ్చింది. మా ఇంటి ఆడపిల్లను తక్కువ లెక్కలకు పంపడం ఒక్కసారి జరిగింది, అది చాలు. పెద్ద అక్షరంతో ఏ అని రాశాను. నీ ఇష్టమే నెగ్గింది, ఇక సంతోషంగా చదువుకో.

జీవితంలో మొదటిసారి లెక్కల కాగితం మీద సంతకం పెట్టిన
మీ అత్త

•

కోదాడ,
14 జులై 2002, ఆదివారం

అత్తమ్మకు,

శుక్రవారం నిన్ను బస్సెక్కించాక ఒంటరిగా హాస్టల్‌కు నడుస్తుంటే, నీకు చెప్పనేలేదని గుర్తొచ్చిన సంగతి ఒకటుంది. నువ్వు రాకముందు బుధవారం జరిగింది.

నాయిన ఫారమూ నీ ఉత్తరమూ తెచ్చి ఇచ్చాడు. అక్కడే నిలబడి చదివాను. అన్నీ మంచి మాటలే, చివర ఏ అని ఉంది. నేను బీ కావాలని రాసిన ఉత్తరం అప్పటికి దారిలో ఉంది. నాయిన నా ముఖం చూసి, "ఏందే, ఏమైంది?" అన్నాడు. చెప్పాను. నా వెంట ఆఫీసుకు వచ్చాడు. గుమాస్తా, ఇదేం పెద్ద పని కాదు, ఏ కొట్టేసి బీ రాసి పక్కన తండ్రి సంతకం చేస్తే చాలు అన్నాడు. కలం కూడా చేతికిచ్చాడు.

నాయిన కలం తిరిగి ఇచ్చేశాడు. "అది మా చెల్లె రాసింది. దాని మీద నా చెయ్యి పడది. ఒక్కసారి పడ్డది చాలు" అన్నాడు. గుమాస్తాకు ఏమీ అర్థం కాలేదు. నాకు అర్థమై, ఇక ఏ సెక్షన్‌లోనే చదువుకుందామని గట్టిగా అనుకున్నాను. నీ మొదటి సంతకం కొట్టివేతతో ఉండడం నాకూ ఇష్టం లేకపోయింది. శుక్రవారం ఫారం పట్టుకుని వరసలో నిలబడ్డది ఏ అని ఇవ్వడానికే. నా ముందు ఇద్దరే ఉన్నారు. అప్పుడు గేటులోంచి నువ్వు చెప్పులు చేతపట్టుకుని పరుగెత్తుతూ వచ్చావు.

నువ్వు రాకపోతే ఏమయ్యేదో తెలియదు, ఏలో కూడా బతికేదాన్నే. నువ్వు వచ్చావు, నా ఉత్తరం చదివిన గంటలో సెలవు పెట్టి, మొదటి బస్సుకు వచ్చావు. నీ చేతితో నువ్వే కొట్టేసి, బీ అని రాసి, పక్కన మళ్లీ సంతకం పెట్టావు. ఆ కాగితం మీద నీవి రెండు సంతకాలున్నాయి. నాకోసం ఇంతకన్నా ఎవరూ ఏమీ చేయలేదు.

సుధాకర్ సార్ నిన్ను లోపలికి పిలిచి బెంచీ మీద కూర్చోబెడతారని నేను అనుకోలేదు. ఆ సంగతి నువ్వు రాయి. నేను చూసింది వేరు, నువ్వు చూసింది వేరు అయి ఉంటుంది.

శనివారం గేటు దగ్గరికి వచ్చిన నాయినకు అంతా చెప్పాను. విని, "రెండు సంతకాలా?" అని ఒక్కటే అడిగాడు. అవునన్నాను. తెచ్చిన చాయ రెండు గుక్కల్లో తాగేశాడు.

నీ కోడలినైనందుకు రోజూ సంతోషపడే
వసంత

•

మిర్యాలగూడ,
19 జులై 2002

బిడ్డకు,

ఏం రాయమంటావు. నలభైకి దగ్గర పడ్డ ఆడమనిషి తొంభై మంది పిల్లల మధ్య మూడో బెంచీలో కూర్చుంది. ఆ బెంచీ చెక్క మీద ఎవరో పేరు చెక్కారు, దాని మీదే వేలితో రాస్తూ కూర్చున్నాను. సార్ నన్ను లేవమనలేదు, కూర్చునే చెప్పమన్నారు. ఆ మర్యాద నేను మరిచిపోను.

తల్లి చచ్చిన పిల్ల సంగతి అడిగారు గదా. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. మా దొడ్డిలో అట్లాంటి పిల్లను ఎన్నడూ ఊరికే వదలలేదు. పిల్ల చనిపోయిన తల్లినో, పాలు ఎక్కువున్న తల్లినో చూసి, దాని పాలు పిండి పిల్ల వీపుకు రాసి, వాసన పట్టేదాకా పక్కన కూర్చునేదాన్ని. ఒక్కోసారి రెండు రోజులు పట్టేది. చివరికి దగ్గరికి తీసేది. సాయంత్రం అయ్యేసరికి తల్లి లేని పిల్ల దొడ్డిలో ఉండకూడదు, అది మా అమ్మ పెట్టిన నియమం. సార్ అప్పుడు బోర్డు మీద రాసి ఉన్న మొదటి మాట కింద గీత గీశారు. ఒక్కటి కూడా మిగలకూడదు. ఇదే మొదటి షరతు, ఈమె దొడ్డిలో ఎప్పుడూ తప్పలేదు, కాబట్టి ఇది ప్రమేయమే అన్నారు. మంద మంద అనిపించుకున్న పిల్లలు చప్పట్లు కొట్టారు.

బస్సులో కిటికీ పక్క కూర్చుని ఆలోచించాను. అన్ని పిల్లలనూ ఒక్కటీ మిగలకుండా తల్లులకు చేర్చినదాన్ని, బడిలో నేను మిగిలిపోయానే అనుకున్నాను ఇన్నాళ్లు. అన్న మర్నాడే నాకోసం బడికి పోయాడని తెలిశాక ఆ మాట అనుకోబుద్ధి కావడం లేదు. నన్నూ చేర్చబోయాడు, కుదరలేదు, అంతే.

ఒక కోరిక. సార్ చెప్పే పాఠం వారం వారం నాకూ రాసి పంపుతావా? ఊరికే చూడాలని. అర్థం కాకపోతే పక్కన పెట్టేస్తాను. మీ మామ పాత మిల్లు పుస్తకం ఒకటి తెచ్చాడు, ఒకవైపు అంతా తెల్లగానే ఉంది. ఆ రోజు బోర్డు మీద నుంచి రాసుకొచ్చిన మొదటి పాఠం చివరి మూడు లెక్కలు చేసి దీంతో పంపుతున్నాను. దిద్ది పంపు, మొహమాట పడకు. మూడోది తప్పేమో.

అలివేలు

•

కోదాడ,
27 అక్టోబరు 2002

అత్తమ్మకు,

పద్నాలుగో వారం లెక్కలు దిద్ది పంపుతున్నాను. త్రికోణమితిలో రెండు చోట్ల గుర్తు తప్పింది, తొందరపడ్డావు. మిగతావన్నీ సరైనవే. ఏడో లెక్క నువ్వు చేసిన దారి సుధాకర్ సార్‌కు చూపిస్తే, ఇది పుస్తకంలో ఉన్నదానికన్నా దగ్గరి దారి అని క్లాసులో చెప్పారు. నాకు ఎంత గర్వంగా ఉందో. నా దారి మాత్రం పుస్తకం దారే, కోపం వస్తున్నది.

రేపటి నుంచి కలన గణితం మొదలుపెడుతున్నాం. అప్పట్లో నేను అర్థం కాకుండా చేసిన, మామ దగ్గరి నుంచి నువ్వు తిరిగి పంపిన ఆ ఇరవై లెక్కల కాగితం సార్‌కు ఇచ్చాను. ఇప్పుడు మళ్లీ చెయ్యి, ఈసారి ప్రతిదానికీ ఎందుకో కూడా రాయి అన్నారు. మొదటి పాఠం వచ్చే ఆదివారం పంపుతాను. ఇన్నాళ్లూ నాకు తోడు నడిచినందుకు నీకు ఎట్లా చెప్పాలో తెలియదు. నీకు పంపాలి గదా అని నేను ఒక్క వారం కూడా పాఠం దాటవేయలేదు.

నాయిన ఒక మాట రాయమన్నాడు. ఈసారి వానలు లేకపోయినా ఈతలు బాగానే ఉన్నాయి, నలభై పిల్లల దాకా ఉన్నాయట. ప్రతి ఏడూ వచ్చినట్టే దీపావళికి వారం రోజులు వచ్చి పిల్లలను తల్లులకు విడిచిపొమ్మంటున్నాడు. నువ్వు లేకుంటే తనకు పరేషాన్ అవుతున్నదట. ఏం చెప్పమంటావు?

వసంత

•

మిర్యాలగూడ,
31 అక్టోబరు 2002

కోడలు పిల్లకు,

గుర్తుల తప్పులు చూసుకున్నాను. ఇక తొందరపడను.

మీ నాయినకు చెప్పు, వారం కాదు, పది రోజులుంటాను. సెలవు అడిగాను, ఇచ్చారు. పొద్దున మందకు నీళ్లు పెడతాను, గంపలు కడుగుతాను, మీ అమ్మ పక్కన కూర్చుని జొన్న రొట్టెలు చేస్తాను. నువ్వు పాఠాలు అక్కడికే తీసుకొని రా.

పిల్లలను పోల్చుకోవడం మొదటి రెండు రోజులు పక్కన నిలబడి నేర్పిస్తాను. మచ్చ చూడమను, చెవి చూడమను, గొంతు వినమను. నలభై ఏళ్లు దాటిన మనిషి, నేర్చుకోలేకపోడు. ఆ తరువాత సాయంత్రం మంద దొడ్డికి వచ్చేసరికి వాటిని తల్లులకు విడిచేది ఆయనే. ఆ వేళకు నన్ను పిలవొద్దను. నాకు లెక్కల క్లాసు ఉంది.

అలివేలు